ఇంటి వెనక పొలం, వీధిదీపం స్తంభానికి కట్టిన నోటీసు

ఇంగ్లండుకు వచ్చి రెండేళ్లయిన ఒక తమ్ముడు పోయిన వారం ఫోను చేశాడు. తాను కొనబోయే ఇంటి వెనక పెద్ద పొలం ఉందనీ, అది గ్రీన్ బెల్ట్ కాబట్టి అక్కడ ఎప్పటికీ ఇళ్లు రావని ఏజెంటు చెప్పాడనీ, ఆ మాట నమ్మవచ్చా అనీ అడిగాడు. పదిహేనేళ్ల కిందట అదే మాట నమ్మి ఇల్లు కొన్నవాణ్ణి కనుక, అతనికి చెప్పినదే కొత్తగా వచ్చిన మిగతావారికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

పచ్చగా కనిపించే ప్రతి పొలమూ గ్రీన్ బెల్ట్ కాదు. పట్టణాలు హద్దు లేకుండా విస్తరించి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూడటానికి, 1955 నుంచి ప్రభుత్వ ఆదేశంతో స్థానిక సంస్థలు పటంలో గీసుకుంటూ వచ్చిన ప్రాంతమే అది. ఇంగ్లండు భూమిలో దాదాపు 12.5 శాతం దాని కిందికి వస్తుంది. అందమైన ప్రకృతిని కాపాడటం దాని ఉద్దేశాల్లో లేదు. ముళ్లపొదలతో నిండిన నేల గ్రీన్ బెల్ట్‌లో ఉండవచ్చు, పూలతో మెరిసే పచ్చిక దాని బయట ఉండవచ్చు. పైగా 2024 డిసెంబరులో సవరించిన జాతీయ ప్లానింగ్ విధానం (ఎక్కడ ఏది కట్టనివ్వాలో చెప్పే ప్రభుత్వ మార్గదర్శకం) 'గ్రే బెల్ట్' అనే కొత్త వర్గాన్ని తెచ్చింది. గ్రీన్ బెల్ట్‌లోనే ఉన్నా, ఊళ్ల విస్తరణను ఆపడంలో, ఊళ్లు కలిసిపోకుండా చూడటంలో, చారిత్రక పట్టణాల పరిసరాలను నిలపడంలో గట్టి పాత్ర లేని నేలను అందులో చేర్చి, అక్కడ ఇళ్లకు దారి సుగమం చేశారు. ఈ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కట్టించాలన్నది ప్రభుత్వ లక్ష్యం. రాబోయే ఐదేళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలను చూపించలేని కౌన్సిల్ (స్థానిక సంస్థ) పరిధిలో డెవలపర్ వాదనకు బలం ఎక్కువ.

నా విషయానికొస్తే, వెనక పడకగది కిటికీ తెరిస్తే కోసిన గడ్డి వాసన వస్తుందని మురిసిపోయి సంతకం పెట్టాను. సొలిసిటర్ (కొనుగోలు పత్రాలు చూసే లాయరు) చేయించే లోకల్ సెర్చ్, అంటే కౌన్సిల్ రికార్డుల తనిఖీ, మామూలుగా మనం కొనే ఇంటికి సంబంధించిన వివరాలే తెస్తుందనీ, పక్క భూమి మీద ఏ దరఖాస్తు ఉందో విడిగా అడిగితే తప్ప చెప్పదనీ నాకు అప్పటికి తెలియదు. మూడో ఏడు వేసవిలో చెల్లెలి పెళ్లికి నెల రోజులు గుంటూరు వెళ్లి తిరిగివచ్చేసరికి, మలుపు దగ్గర వీధిదీపం స్తంభానికి ప్లాస్టిక్ కవరులో పెట్టిన పసుపు కాగితం కట్టి ఉంది. వానకు ఒక మూల తడిసి, అక్షరాలు అలుక్కుపోయాయి. అదే ప్లానింగ్ నోటీసు. అభిప్రాయం చెప్పడానికి ఇచ్చే కనీస గడువు 21 రోజులు. అది అప్పటికే దాటిపోయింది. నిర్ణయం ఇంకా వెలువడలేదు కాబట్టి, ఆలస్యంగానైనా ఆవేదనంతా పోసి రెండు పేజీల ఉత్తరం రాశాను. నా ఇంటి ధర పడిపోతుందనీ, కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందనీ రాశాను. ఈ రెండూ పరిగణించదగిన అంశాలు కావని అధికారి నివేదికలో ఒకే వాక్యం ఉంది. అనుమతి వచ్చింది.

1947 నాటి చట్టం ఇక్కడ భూమి యాజమాన్యాన్నీ కట్టుకునే హక్కునూ వేరు చేసింది. సొంత పొలమైనా అనుమతి లేకుండా ఇల్లు లేపడానికి వీల్లేదు. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు కౌన్సిల్ వినగలిగేది ప్లానింగ్‌కు సంబంధించిన కారణాలను మాత్రమే: రోడ్డు భద్రత, వరద ముప్పు, వెలుతురు తగ్గడం, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి చూపు పడటం, చెట్లు, జీవజాతులు. అందుకే నాలుగేళ్ల కిందట పక్క పొలానికి దరఖాస్తు వచ్చినప్పుడు నేను ధర ఊసు ఎత్తలేదు. నవంబరు వానల్లో ఆ పొలం దిగువన కాలిబాట మీద నీళ్లు నిలిచిన ఫోటోలు, అవి తీసిన తేదీలతో సహా జతచేసి, వాన నీటికి ఏర్పాటు ఏమిటని అడిగాను. కమిటీ సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడే అవకాశమూ దొరికింది. ఇళ్లు వచ్చాయి. వాటితోపాటు నీటి గుంట కూడా వచ్చింది, కాలిబాట మిగిలింది. ఒకే ఉత్తరాన్ని వందమందితో సంతకం పెట్టించడం కన్నా, ఒక్కరు కారణం చూపి రాసినదానికి విలువ ఎక్కువని అప్పుడు తెలిసింది.

అన్ని ఇళ్లనూ అడ్డుకోమని నేను చెప్పను. అద్దె ఇళ్ల కోసం మన పిల్లలు పడే అవస్థ రోజూ చూస్తున్నాను. కానీ కట్టేవి ఎలా కట్టాలన్న విషయంలో మన మాట ఉండాలి. అనుమతికి బదులుగా డెవలపర్ కౌన్సిల్‌తో చేసుకునే సెక్షన్ 106 ఒప్పందం కింద బడికీ, వైద్యశాలకూ, అందుబాటు ధర ఇళ్లకూ ఎంత ఇస్తాడో అడిగి తెలుసుకోండి. 2024 నుంచి చాలా నిర్మాణాలు జీవవైవిధ్యాన్ని కనీసం 10 శాతం పెంచి చూపాలి. ఆ లెక్క కూడా దరఖాస్తు పత్రాల్లోనే ఉంటుంది.

చాలామంది వీసా మీద ఉన్నామని జంకుతారు. దరఖాస్తుపై అభిప్రాయం చెప్పడానికి ఇక్కడి పౌరసత్వం అక్కరలేదు, ఎవరైనా చెప్పవచ్చు. మీ పేరూ చిరునామా మాత్రం అందరికీ కనిపించే అవకాశం ఉంది కాబట్టి మాట మర్యాదగా ఉండాలి. అంతకన్నా ముఖ్యం, కామన్‌వెల్త్ పౌరులుగా ఇక్కడ చట్టబద్ధంగా నివసించే భారతీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటుంది. తమ ప్రాంతంలో నిర్మాణాలు ఎలా ఉండాలో ఊరి ప్రజలు తయారుచేసే నైబర్‌హుడ్ ప్లాన్ మీద జరిగే రెఫరెండంలోనూ ఆ ఓటు పనిచేస్తుంది. ఇంట్లో దిగిన వారంలోనే ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోండి.

అనుమతి నిరాకరిస్తే డెవలపర్ అప్పీలుకు వెళ్లవచ్చు. అనుమతి ఇస్తే పొరుగువారికి మాత్రం అప్పీలు లేదు. మిగిలేది ఆరు వారాల్లో కోర్టుకెళ్లడమే, అదీ నిర్ణయం చట్టప్రకారం జరగలేదని చూపగలిగితేనే, ఖర్చు భరించగలిగితేనే. కాబట్టి చెప్పవలసినదంతా ముందే చెప్పాలి.

తమ్ముడికి ఆ రాత్రే కౌన్సిల్ వెబ్‌సైటులో ప్లానింగ్ పటం తెరవమన్నాను. ఏ నేలను దేనికి వాడాలో కౌన్సిల్ నిర్ణయించే లోకల్ ప్లాన్‌లో ఆ పొలాన్ని ఇళ్లకు కేటాయించారో లేదో చూడమన్నాను, చుట్టుపక్కల దరఖాస్తులను కూడా వెతకమని సొలిసిటర్‌కు రాతపూర్వకంగా చెప్పమన్నాను. ఇంగ్లండులో కొనేవారూ అమ్మేవారూ సంతకం చేసిన కాంట్రాక్టులను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేదాకా కొనుగోలు నుంచి వెనక్కి తగ్గవచ్చు. అతనికి ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది.