కొడుకు రిజర్వ్ సైనికుడు, కువైట్ పిలుపు: మరి డిగ్రీ?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు. ఫీజుకు సాయమవుతుందని మాకు చెప్పకుండా అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో చేరాడు. ఇప్పుడు వాళ్ల యూనిట్‌ను కువైట్ పంపుతున్నారు. ముందు ఎల్ పాసో దగ్గర ఫోర్ట్ బ్లిస్‌లో ట్రైనింగట. ఆపించే దారి ఉందా? చదువు ఏమైపోతుంది?
– ఓ తల్లి, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: అమ్మా, ఆపించే దారి వెతక్కండి. రిజర్వ్ వాళ్లకు నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలే డ్యూటీ అన్నది మామూలు రోజుల లెక్క. ఆర్డర్లు వచ్చాక వెళ్లకపోతే సైనిక చట్టం ప్రకారం నేరం.

ట్రైనింగ్ అనగానే మీకు తుపాకులే కళ్లముందు మెదులుతున్నట్టున్నాయి. మొదట్లో చాలావరకు క్యూలే: టీకాలు, పళ్లు, వినికిడి, బీమా నామినీ, వీలునామా. ఇరవయ్యేళ్ల పిల్లాడికి వీలునామా ఏంటని గుండెలు బాదుకోకండి, అక్కడ అందరినీ అడుగుతారు. ఆ తర్వాత ఫైరింగ్, గాయానికి టూర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించడం, బోల్తాపడ్డ బండిలోంచి బయటపడటం. చేసిందే మళ్లీ మళ్లీ చేయిస్తారు. ఫోన్ పట్టుకునే తీరిక ఉండదు. అందుకే కాలేజీ పనులన్నీ బయల్దేరే ముందే తేల్చుకోవాలి.

చాలామంది పిల్లలు చెప్పాపెట్టకుండా క్లాసులు మానేసి వెళ్తారు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో వరసగా ఎఫ్‌లు పడతాయి. మీవాడు ఆర్డర్ల కాపీ రిజిస్ట్రార్‌కిచ్చి, సైనిక సేవ కోసమని రాతపూర్వకంగా సెలవు తీసుకోవాలి. అలా వెళ్తే, తిరిగొచ్చాక ఎక్కడ వదిలాడో అక్కడే చేర్చుకోవాలని ఫెడరల్ నిబంధన ఉంది. సేవ కోసం దూరమైన కాలం మొత్తం 5 ఏళ్లు దాటకూడదు, సేవ ముగిశాక 3 ఏళ్లలోపు తిరిగి చేరతానని చెప్పాలి. అద్దె అపార్ట్‌మెంట్ ఉంటే, ఆర్డర్లు చూపించి నోటీసిచ్చి లీజు రద్దు చేసుకోవచ్చు.

ఇక ఫీజు సంగతి. సైన్యంలో పనిచేసినవాళ్ల చదువుకు ప్రభుత్వం సాయం చేసే పథకం ఒకటుంది, 9/11 తర్వాతి జీఐ బిల్లు అంటారు. దాని కింద 90 రోజుల యాక్టివ్ డ్యూటీకి (పూర్తికాలపు సైనిక సేవకు) పూర్తి సాయంలో 50 శాతం, 6 నెలలు దాటితే 60 శాతం పొందే అర్హత వస్తుంది. కువైట్ ఆర్డర్ల మీద వెళ్తున్నాడు కాబట్టి ఫోర్ట్ బ్లిస్ రోజులూ ఆ లెక్కలోకి వస్తాయి. రిజర్వ్‌లో చేరిన కొత్తలో చేసిన తొలి శిక్షణను మాత్రం ఈ 50, 60 శాతం లెక్కలో కలపరు. (స్టూడెంట్ వీసా పిల్లలు ఇది చదివి ఆశపడొద్దు. మామూలుగా పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటారు.)

ఆన్‌లైన్‌లో ఒక కోర్సు లాగించేస్తానంటే ట్రైనింగ్ వారాల్లో మాత్రం వద్దనండి. కువైట్‌లో డ్యూటీ వేళలు తెలిశాక, పై అధికారిని అడిగి ఒక్కటి తీసుకోమనండి.