తీగ తెగి ఇల్లు కాలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: కడప శివారులో, పాలకొండల దిగువన మా ఇల్లు. మొన్న వేసవిలో ఈదురుగాలికి కరెంటు తీగ తెగి పక్క ఖాళీ స్థలంలోని ఎండుగడ్డిపై పడింది. ఆ మంటకు మా ఇంటి ముందుగది, పశువుల కొట్టం కాలిపోయాయి. మరునాడే సిబ్బంది కొత్త తీగ వేసి, గాలికి తామేం చేయగలమంటున్నారు. అమెరికాలో ఇలాంటి మంటలకు కరెంటు కంపెనీలు పరిహారం కట్టాయని చదివాను. ఇక్కడ వీలవుతుందా?

జవాబు: వీలవుతుంది. అయితే మీరు చదివిన కేసుల్లో పరిహారం మొత్తం కన్నా, మంట మూలాన్ని ఎలా రుజువు చేశారన్నదే మీకు ఎక్కువ పనికివస్తుంది. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసి, 85 మందిని బలిగొన్న మంట, పీజీ అండ్ ఈ అనే విద్యుత్ సంస్థకు చెందిన ఒక పాత టవరుపై ఏళ్ల తరబడి అరిగిన ఇనుప కొక్కెం తెగడంతో మొదలైందని దర్యాప్తులో తేలింది. ఆ రోజు అక్కడ గాలి తీవ్రంగానే వీచింది. అయినా 2020లో ఆ సంస్థ 84 మరణాలకు కోర్టులో నేరం అంగీకరించింది.

మన సుప్రీంకోర్టు కూడా 2002లో, మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డుకూ శైల్ కుమారికీ మధ్య నడిచిన కేసులో, విద్యుత్తు వంటి ప్రమాదకరమైనదాన్ని సరఫరా చేసే సంస్థ తన నిర్లక్ష్యం లేదని చెప్పి తప్పించుకోజాలదనీ, తీగ వల్ల కలిగిన హానికి కఠిన బాధ్యత వహించాలనీ తీర్పు చెప్పింది. అది ప్రాణనష్టం కేసు. అదే సూత్రాన్ని మీరు ఆస్తినష్టానికీ వాదించవచ్చు. దైవాధీనమన్న మినహాయింపు ఉన్నా, రాయలసీమలో ఏటా వేసవిలో వచ్చే ఈదురుగాలిని ఎవరూ ఊహించలేనిదని కోర్టును ఒప్పించడం కష్టమని నా అభిప్రాయం.

మీ కేసులో అసలు చిక్కు తీగ మార్చేయడమే. పాత తీగ ముక్కలను, అతుకులను పారవేయకుండా భద్రపరచాలని సంస్థకు ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 161 ప్రకారం విచారణ జరపాలని కోరుతూ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు అర్జీ పెట్టండి. ఆ రోజు సబ్‌స్టేషన్ లాగ్ బుక్‌లో ఫీడర్ (మీ ప్రాంతానికి కరెంటు తెచ్చే లైను) ట్రిప్ అయిన, అంటే దానంతటదే ఆగిపోయిన సమయాన్ని సమాచార హక్కు దరఖాస్తు ద్వారా తీసుకుని, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ వెళ్లిన సమయంతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే అంతకు మించిన సాక్ష్యం అరుదు. ఫీడర్ అసలు ట్రిప్ కాలేదంటే, రక్షణ పరికరాలు ఏం చేశాయని వారినే ప్రశ్నించవచ్చు.

సివిల్ దావాకు మూడేళ్ల గడువు ఉందని కొందరు చెబుతారు. కానీ చట్టప్రకారం చేసిన పనికి పరిహారం అడుగుతున్నారని అవతలివారు వాదిస్తే, లిమిటేషన్ చట్టంలోని 72వ అధికరణం కింద ఏడాదే మిగులుతుంది. కాబట్టి ఏడాదిలోపే దావా వేయండి. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద పోలీసు కేసు పెట్టవచ్చు గానీ, దానివల్ల మీ గోడలు లేవవు.

ఇంటికి బీమా ఉంటే ముందు ఆ క్లెయిము పెట్టండి. బీమా సొమ్ముకు మించిన నష్టాన్ని దావాలో అడగవచ్చు. క్లెయిమును తిరస్కరిస్తే, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించండి. ఖాళీ స్థలం యజమాని గడ్డి కోయించకపోవడం నిర్లక్ష్యమే కావచ్చు. అతనిని రెండో ప్రతివాదిగా చేర్చండి, మొదటి ప్రతివాదిగా మాత్రం విద్యుత్ సంస్థే ఉండాలి.