బొంతలకు రంగులు వేయబోతున్న మేనకోడలికి

చి॥ చిట్టికి, అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు సొంతంగా గుడ్డలకు రంగులు వేసి, అచ్చులు అద్ది, వాటితో బొంతలు కుట్టబోతున్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. ఇల్లు వేలానికి వచ్చిందన్నట్టు చెప్పాడు. నాకు మాత్రం సంతోషమే కలిగింది. భయం ఫోను పెట్టేశాక మొదలైంది. శిల్పారామంలో స్టాలు పెడతావట. అప్పుడే ఎవరి దగ్గరో పసిబిడ్డ బొంతకు అడ్వాన్సు కూడా తీసుకున్నావట. రంగు ఒక్కసారైనా కాచకముందే అడ్వాన్సు ఏమిటే తల్లీ? ఈ మాటలన్నీ ఫోనులో చెబితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే కనీసం దాచుకుంటావు.

ముందు చిన్న సంగతులు. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, దాని మీద రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. చాకలి సోడా, సబ్బు వేసి ఉడికించి, బాగా జాడించు. ముడుచుకునే గుడ్డ అప్పుడే ముడుచుకుంటుంది. పాలిస్టర్ కలిసిందేమోనని అనుమానం వస్తే ఒక పోగు లాగి కాల్చి చూడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. దానికి మొక్కల రంగు పట్టదు, దుకాణదారు ఎన్ని ఒట్లు వేసినా సరే.

కరక్కాయ, పటిక, దానిమ్మ తొక్కలు, మంజిష్ఠ బేగంబజారులో దొరుకుతాయి. రంగును నిలబెట్టే పటికను పట్టు నేరుగా పట్టుకుంటుంది, నూలు పట్టుకోదు, అందుకే ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి. పొడిగుడ్డ తూకం వేసుకో. కిలో గుడ్డకు 150 గ్రాముల పటిక సరిపోతుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్లు కరక్కాయ నీళ్లలో గేదె పాలు కలుపుతారు, గీసిన గీత పాకిపోకుండా. నువ్వు ముంచి తీసేదానివి, నీకు పాలతో పని లేదు. పైగా పాలు పట్టిన గుడ్డ సరిగా ఆరకపోతే వచ్చే వాసనకు మీ అపార్టుమెంటు వాళ్లు నీ మీద మీటింగు పెడతారు.

పసుపుతో రంగు వేస్తానని మాత్రం అనకు. మొదటిరోజు ఎంత బంగారంలా ఉన్నా ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పసుపు రంగు కావాలంటే దానిమ్మ తొక్కలు వాడు. ఇంకో మాట: మీ కూకట్‌పల్లి సంపులో నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిసే వస్తాయి, ఏ రోజు ఏది ఎక్కువో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. బోరు నీళ్లలోని సున్నం మంజిష్ఠ ఎరుపుకు మేలే చేస్తుంది. కానీ ఇవాళ ఒక నీళ్లు, రేపు ఇంకో నీళ్లు అయితే ఒకే ఎరుపు రెండు రకాలుగా వస్తుంది. ఒక బొంతకు కావలసిన గుడ్డంతా ఒకేసారి, ఒకే డ్రమ్ములో పట్టిన నీళ్లతో ముగించు.

నీలిమందు తొట్టిలోంచి తీసినప్పుడు గుడ్డ పచ్చగా ఉంటుంది, గాలి తగలగానే కళ్లముందే నీలమవుతుంది. అది ఒకసారి చూసినవాళ్లు ఈ పని మానలేరు. మీ నాన్నకు ఈ సంగతి చెప్పకు.

ఇక నలుపు. దీని గురించి ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

మీ నానమ్మ కుట్టిన బొంత గుర్తుంది కదా, ఎరుపు, తెలుపు, నలుపు గళ్లది. నీకు ఊహ తెలిసేసరికే నల్ల గళ్లన్నీ చిల్లులు. ఎలుకలు కొట్టాయని మీ తాతయ్య, నిద్రలో నువ్వే వేళ్లు దూర్చి చింపుతున్నావని మీ అమ్మ. ఆ బొంత మూలంగా నీకు దెబ్బలు కూడా పడ్డాయి. చిట్టీ, ఎలుకలూ కాదు, నువ్వూ కాదు. ఎలుకకు నలుపే కావాలా, పక్కనున్న ఎరుపు జోలికి ఎందుకు పోలేదు అని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. ఆ గళ్లను తిన్నది ఇనుము.

ఆవిడ పెరిగింది పెడన పక్క పల్లెలో. అక్కడ అద్దకం వాళ్లు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లు తగలగానే నల్లబడుతుంది. వాళ్లు దానితో సన్నటి గీతలు, అంచులు మాత్రమే అద్దుతారు. మీ నానమ్మకు గీతలు చాలలేదు. చీరాల నుంచి వచ్చే, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్లలో ఎరుపు, తెలుపు, నలుపు చూసి మోజుపడిన మనిషి, తన బొంతలో కూడా అంత నలుపు ఉండాలనుకుంది. గుడ్డ మొత్తం ముంచింది. చాలదనిపించి మళ్లీ ముంచింది. జాడిస్తే నలుపు పోతుందేమోనని జాడించకుండానే ఆరేసింది. ఆ నలుపు చూసి వీధి వీధంతా మెచ్చుకుంది. ఆ బొంత నా పెళ్లికి సారెలో పెట్టి పంపింది. నువ్వు పుట్టినప్పుడు నేనే దాన్ని మీ ఇంటికి తెచ్చి నీ కింద పరిచాను.

కొన్నేళ్ల పాటు ఏమీ కాలేదు. నన్ను భయపెట్టేది అదే. కారే రంగు మొదటి ఉతుకులోనే బయటపడుతుంది, తిట్టుకుని పారేస్తావు. ఇనుము అలా కాదు. గుడ్డలో మిగిలిపోయిన ఇనుమూ పులుపూ కలిసి నూలుపోగును లోపలినుంచి కొద్దికొద్దిగా తినేస్తాయి. తడి, ఎండ తగిలేకొద్దీ ఇంకా త్వరగా. పోగు పెళుసుబారుతుంది, ఒకరోజు దులిపితే పొడిగా రాలుతుంది. పాత అద్దకం గుడ్డల్లో ఎరుపు పువ్వు చెక్కుచెదరకుండా ఉండి, దాని చుట్టూ ఉన్న నల్ల గీత దగ్గరే గుడ్డ తెగిపోయి ఉంటుంది, ఎక్కడైనా దొరికితే చూడు. నేను పాతబస్తీలో అద్దకం కార్ఖానాలో చేరాక మన బొంత మూల ఒకటి పట్టుకెళ్లి అక్కడి పెద్దాయనకు చూపించాను. వేళ్ల మధ్య నలిపి, "ఎన్నిసార్లు ముంచారమ్మా?" అని మాత్రం అడిగాడు.

చీరలో అంచు పాడైతే అంచు మార్చుకుంటారు. బొంతలో ఒక ముక్క పోతే దాని కిందనుంచి దూది వస్తుంది. దాన్ని మార్చాలంటే మూడు పొరలనూ పట్టి ఉంచిన కుట్టంతా విప్పాలి, విప్పితే పక్క ముక్కలు చినుగుతాయి. మీ నానమ్మ ఎరుపు ఈనాటికీ వెలవలేదు. ఏం లాభం? ఆ బొంతను పారేయడానికి ప్రాణం ఒప్పక నేను తెచ్చి బీరువాలో పెట్టుకున్నాను, కప్పుకోవడానికి మాత్రం పనికిరాదు.

కాబట్టి నలుపుకు అన్నభేది, అంటే బజారులో దొరికే ఇనుప ఉప్పు, వాడితే 100 గ్రాముల గుడ్డకు రెండు గ్రాములు దాటనివ్వకు, చెంచాతో కాదు, కాటాతో తూచి. ఎక్కువసేపు నాననివ్వకు. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించు. పులుపు విరగడానికి చివరి నీళ్లలో చిటికెడు చాకలి సోడా వేయి. ఇంకా నలుపు కావాలనిపిస్తే ఇనుము పెంచకు. ముందు గుడ్డను నీలిమందులో ముదురుగా ముంచి, ఆరాక దాని మీద కరక్కాయ, తరువాత కొంచెం అన్నభేది పట్టించు. అచ్చమైన నలుపే కావాలని పట్టుబట్టేవాళ్లు గొంగడి కొనుక్కోమను. అది నల్ల గొర్రె బొచ్చు, రంగే అక్కర్లేదు.

వీలు చూసుకుని ఒకసారి పుట్టపాక వెళ్లిరా. తేలియా రుమాలు ఇప్పటికీ అక్కడ నేస్తున్నారు, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికిన తరువాతే రంగు మాట ఎత్తుతారు. నీ తొందర అక్కడ కొంచెం తగ్గుతుందేమోనని నా ఆశ.

ఇప్పుడు ఆ పసిబిడ్డ బొంత సంగతి. పసివాళ్లు బొంత అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. నువ్వయితే మరీను, మూలలన్నీ నానబెట్టేసేదానివి. అందుకని ఆకుపచ్చ బాగా వస్తుందని ఎవరు చెప్పినా మైలుతుత్తం ఇంట్లోకి తేకు, అది విషం. లంబాడీ కుట్టు, అద్దాలు, గవ్వలు నీకు ఇష్టమని తెలుసు. అవి గోడకు వేలాడదీసే వాటికి పెట్టుకో, పడుకునే వాటికి వద్దు. రంగుకు విడిగా గిన్నెలు పెట్టుకో. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత స్టీలు గిన్నెలు చవకగా దొరుకుతాయి. రంగు కాచిన గిన్నెలో పప్పు వండినట్టు నాకు తెలిసిందా, నేనే వచ్చి మీ వంటగదిలో కూర్చుంటాను.

రియాక్టివ్ రంగులు, అంటే నూలుకు వేసే రసాయన రంగులు, వాడితే తప్పేమీ లేదు, గట్టిగా నిలుస్తాయి. కానీ ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆయాసం పట్టుకుంటుంది. ఫ్యాను ఆపి, ముక్కుకు మాస్కు కట్టుకుని కలుపు. బాతిక్, అంటే మైనం పూసి రంగు వేయడం, చేస్తే ఆ మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకు, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించు. అంటుకుంటే నీళ్లు పోయకు, మూత వేసి గ్యాసు ఆపు. గుడ్డలో మిగిలిన మైనాన్ని ఉడికించి తీసేయకపోతే సూది దిగదు.

ప్రతి రంగు గుడ్డనూ తెల్లటి తడిగుడ్డతో రుద్ది చూడు. తరువాత అరచేయంత ముక్క ఒకటి తెల్లగుడ్డకు కుట్టి, సబ్బుతో ఉతికి, ఎండలో వేయి. తెలుపు తెల్లగా ఉంటేనే ఆ రంగు బొంతలోకి రావాలి. ప్రతి ముక్క వెనక ఏ రోజు, ఏమి, ఎంత వేశావో రాసిపెట్టుకో. మీ నానమ్మకు రాయడం వచ్చి ఉంటే నాకు ఈ ఉత్తరం సగం తప్పేది.

ఆ అడ్వాన్సు తిరిగి ఇచ్చేయి. మొదటి బొంత నాకు కుట్టు, నీ ఇష్టం వచ్చిన రంగులతో, తప్పులతో సహా. డబ్బు ఎంతో చెప్పు, ఇస్తాను, ఊరికే వద్దు. ఎండలో వేసి, ఉతికి, ఏమయిందో నీకు చెబుతూ ఉంటాను.

కరక్కాయ కొనకు, నా దగ్గర డబ్బానిండా ఉంది. ఆదివారం వస్తే పొద్దున్నే రా. మధ్యాహ్నం దాటితే మా డాబా మీదికి నీడ వచ్చేస్తుంది, ఉతికిన గుడ్డ ఆరదు. చేతికి తొడుగులు తెచ్చుకో. నా గోళ్లు ఇప్పటికీ చూస్తున్నావుగా.

మీ అత్తయ్య