నిఘా మీద నిఘానా, అజమాయిషీనా?

ప్రశ్న: ‘నిఘా సంస్థలపై పార్లమెంటు నిఘా అవసరం’ అని ఒక వ్యాసంలో చదివాను. మరోచోట ‘పర్యవేక్షణ’ అని ఉంది. ఒడియా బడిలో చదువుకున్న మా పిల్లలు ‘తదారఖ’ అంటారు. ఏది సరి? ‘వేగు’ అన్న మాట ఇంకా బతికుందా?
ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఆ వ్యాసం రాసినవారికి నిఘా చేతికందింది, రెండుసార్లు వాడేశారు. మీ పక్క పర్లాకిమిడిలోనే ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక మాటకు పట్టం కట్టమన్నారు గాని, చేతికందిన మాటకల్లా కట్టమనలేదు. పారసీకంలో ‘నిగాహ్’ అంటే చూపు, అంతే. మన దగ్గరికొచ్చాక అది చాటుచూపయింది. ఎవరి మీద నిఘా ఉందో వాళ్లకు తెలియకూడదు. చట్టసభ పని దీనికి తలకిందులు. సభాసంఘం కబురుపెట్టి పిలుస్తుంది, దస్త్రాలు తెమ్మంటుంది, ఎదుట కూర్చోబెట్టి అడుగుతుంది. తలుపులు మూసుకునే అడగనివ్వండి, ఎంపీలు గూఢచారుల వెనక గూఢచారులై తిరగరు కదా!

పర్యవేక్షణ తప్పు కాదు. పరి, అవ, ఈక్షణ: చుట్టూ కలయజూడడం. ‘ఉపేక్ష’ కూడా ఆ ఇంటి బిడ్డే; మన దేశంలో ఈ వ్యవహారానికి రెంటిలో ఏది అతుకుతుందో మీరే చూసుకోండి. అయితే వాడుకలో పర్యవేక్షకుడంటే పని జరుగుతుండగా పక్కన నిలబడి ఇలా కాదు, అలా అనేవాడు. ఇంటెలిజెన్స్ బ్యూరోకు పని పురమాయించేది ప్రభుత్వం, పార్లమెంటు కాదు. తనిఖీ అంటారా, వచ్చి చూసి పోయేది.

నా ఓటు అజమాయిషీకి. పారసీకపు ‘ఆజ్‌మాయిష్’ అంటే పరీక్షించడం. మద్రాసు రెవెన్యూ కచేరీల్లో దీనికి కచ్చితమైన అర్థం స్థిరపడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మీ గంజాం ఆ ఏలుబడిలోదే కనుక మీ పాతకాలపు కరణాలకు ఇది కొట్టినపిండి. కరణం అడంగల్లో సర్వే నంబరు వారీగా ఏ పైరు, ఎంత విస్తీర్ణం, ఏ నీరు అని రాసేవాడు. పైఅధికారి ఆ లెక్క చేతబట్టుకుని చేలోకి వెళ్లి, రాసిందీ మొలిచిందీ ఒకటేనా అని పోల్చి, తేడా ఉంటే దిద్దించి సంతకం పెట్టేవాడు. అదీ అజమాయిషీ. దున్నమనడు, నాట్లు వెయ్యమనడు. నంబర్లన్నీ చూడడు, కొన్నే చూస్తాడు. ఆ కొన్నీ తానే ఎంచుకోవాలి. కరణం ఎంచి చూపితే ఆ తిరుగుడంతా దండగ. పైరు నిలిచి ఉండగానే వెళ్లాలి, కోతలయ్యాక వెళితే మోళ్లు తప్ప ఏముంటాయి?

చట్టసభకూ ఈ రెండే చిక్కులు. బ్రిటన్‌లో 1994 చట్టంతో ఏర్పడ్డ సంఘానికి ఫలానా కాగితం చూపం అని గూఢచార సంస్థల అధిపతులే చెప్పగలిగేవారు. కరణం నంబర్లు ఎంచడమంటే ఇదే. 2013 చట్టం ఆ మాట చెప్పే అధికారాన్ని మంత్రికి మార్చింది. అమెరికాలో సెనేట్ 1976లో, ప్రతినిధుల సభ 1977లో సొంత సంఘాలు వేసుకున్నాయి. రహస్య చర్యకు అధ్యక్షుడి రాతపూర్వక నిర్ణయం ఉండాలి, అది ఆ సంఘాలకు తెలియజెయ్యాలి. పైరు నిలిచి ఉండగానే కబురందడమన్నమాట. మన దగ్గర 1887లో మొలకెత్తిన ఇంటెలిజెన్స్ బ్యూరోకు గాని, 1968లో పుట్టిన విదేశీ గూఢచార సంస్థ ‘రా’కు గాని పార్లమెంటు చేసిన స్థాపన చట్టమే లేదు, వాటిని అడిగే ప్రత్యేక సభాసంఘమూ లేదు. వీటిని చట్టం కిందికి తేవాలని 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. ఫోన్ల ట్యాపింగు మీద 1996లో సుప్రీంకోర్టు వెయ్యమన్న కేంద్ర సమీక్షా సంఘంలో కేబినెట్, న్యాయ, టెలికం కార్యదర్శులు కూర్చుంటారు. అనుమతించేది హోం కార్యదర్శి. ఈ కరణం లెక్కను పక్క ఊరి కరణం చూడడాన్ని అజమాయిషీ అనడానికి నాకు నోరు రాదు.

ఒక పేచీ ఉంది. ఇళ్లలో ఈ మాట పెత్తనం వైపు జారింది: ‘నా మీద నీ అజమాయిషీ ఏమిటి?’ అందుచేత శీర్షికలో పర్యవేక్షణ అని రాస్తే నేను కొట్టెయ్యను. వ్యాసం లోపల అజమాయిషీ ఉంటే సంతోషిస్తాను. నిఘా మాత్రం కూడదు.

వేగు బతికే ఉంది, వేగులవాడి చాటున. తమిళంలో వేవు. వేగుచుక్కతో దీనికి చుట్టరికం కలపకండి. గూఢచారికీ, అతను తెచ్చే కబురుకూ ఇదే మాట. ఇంత పొందికైన మాట ఉండగా పత్రికలకు ‘నిఘా వర్గాల సమాచారం మేరకు’ అనే పల్లవి ఎందుకో! వేగుల్ని పరీక్షించడం కొత్త సంగతేం కాదు. ఒకరినొకరు ఎరగని ముగ్గురు ఒకే మాట చెబితేనే నమ్మమన్నాడు కౌటిల్యుడు. మాటిమాటికీ తేడా వస్తే గుట్టుగా దండించమన్నాడు. అక్కడ పరీక్షించేది రాజే, సభ కాదు.

తదారఖ అరబీ నుంచి వచ్చింది. అక్కడ తప్పును చక్కదిద్దుకోవడమని అర్థం. మీ పిల్లల మాట నిజానికి అజమాయిషీకి చాలా దగ్గరిదే. ఇంట్లో అననివ్వండి. తెలుగులో రాస్తే ఇచ్ఛాపురం దాటాక ఎవరికీ బోధపడదు.