డబ్బు చదువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడం, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో ఈ ఏడాది ‘బిజినెస్, పర్సనల్ ఫైనాన్స్’ అని ఒక ఐచ్ఛిక కోర్సు పెట్టారు. చేరతానని పట్టుబడుతోంది. లెక్కల్లో దానికి మామూలు మార్కులే. ఆ టైంలో మ్యాథ్స్ ట్యూషన్‌కి పంపితే మేలని వాళ్ల నాన్న అంటున్నారు. ఈ వయసు నుంచే డబ్బు మీద ధ్యాస పడితే చదువు ఏమైపోతుందోనని నాకూ టెన్షన్‌గానే ఉంది. అసలు ఈ కోర్సులతో ఉపయోగం ఉందా? మంచిదో కాదో ఎలా తెలుసుకోవడం?
– ఒక తల్లి

జవాబు: చేర్చండమ్మా. కాకపోతే ముందు స్కూలుకి వెళ్లి ఆ కోర్సు సిలబస్ అడిగి తీసుకోండి. అందులో అప్పు గురించి ఎన్ని క్లాసులున్నాయో చూడండి. హైస్కూల్ పిల్లలకి అకౌంట్స్ చెప్పడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఏ కోర్సు గురించి ఎవరడిగినా నేను మొదట చూసేది ఆ ఒక్కటే. పొదుపు చెయ్యండి, బడ్జెట్ రాసుకోండి అని అందరూ చెబుతారు. పిల్లలు బుద్ధిగా తలూపుతారు, పరీక్షలో రాస్తారు కూడా. కానీ పద్దెనిమిదేళ్లు నిండీ నిండగానే వాళ్ల గుమ్మంలోకి ముందు వచ్చి నిలబడేది అప్పే. వాయిదాల మీద ఫోను, క్రెడిట్ కార్డు, చదువు లోను... ఆ పాఠం లేని కోర్సు సగం కోర్సే.

క్లాసులో నేను చేయించే లెక్క ఒకటి చెబుతాను. ఇంట్లో మీరూ చేసి చూడండి. 12,000 అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, పన్నెండు సమాన వాయిదాలు. వడ్డీ మొత్తం 1,440. అంటే నెలకు అసలు 1,000, వడ్డీ 120, కలిపి 1,120. ఇక్కడిదాకా పిల్లలందరూ చకచకా వేసేస్తారు. అప్పుడు గళ్లు గీయించి, ప్రతి నెలా మొదట్లో ఇంకా ఎంత అసలు బాకీ ఉందో రాయమంటాను. మొదటి నెల 12,000. ఆరో నెలకి 7,000. పన్నెండో నెలకి మిగిలింది వెయ్యే. ఆ వెయ్యి మీద కూడా నెలకి 120 వడ్డీయే కడుతున్నాం. అంటే ఆ ఒక్క నెలకే పన్నెండు శాతం! సంవత్సరానికని చెప్పిన 12, ఆఖరి గడిలో నెలకి 12 అయి కూర్చుంది. తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ కడుతున్నామని క్లాసులో ఎవరో ఒకరు పెద్దగా అనేస్తారు. తగ్గుతున్న బాకీ మీద వడ్డీ కట్టే పద్ధతిలోకి మారిస్తే ఈ అప్పు ఏడాదికి 21 శాతం దాటుతుంది. ఈ సంగతి నేను బోర్డు మీద రాసిచ్చేస్తే పిల్లలు కాపీ చేసుకుంటారు, మర్చిపోతారు. వాళ్ల చేత్తో వాళ్లు ఆ పన్నెండు గళ్లూ నింపుకుంటే మర్చిపోరు. అందుకే సిలబస్‌తో పాటు, పిల్లల చేత ఏమేం చేయిస్తారో కూడా తప్పకుండా అడగండి. వీడియోలు చూపించి, చివర్లో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టే పరీక్షతో సరిపెట్టేదైతే దానికంటే ట్యూషనే నయం.

మీ అమ్మాయి మార్కుల గురించి రాశారు. ఈ కోర్సుకి కావలసిన లెక్కలు శాతాలు, హెచ్చవేతలు, ఓపిగ్గా పద్దు రాయడం. అంతకు మించి పెద్దగా ఉండదు. అంకె వెనకాల ఒక మనిషో ఒక వస్తువో ఉంటే, లెక్కలంటే భయపడే పిల్లలు కూడా ధైర్యంగా ముందుకొస్తారు. వాళ్ల నాన్నగారికి ఈ మాట చెప్పండి. వయసు సంగతంటారా, 15 ఏళ్ల పిల్లల చదువును దేశదేశాల్లో పరీక్షించే పీసా 2012 నుంచే ఆర్థిక అక్షరాస్యతను కూడా అంచనా వేస్తోంది. తొమ్మిదో తరగతి తొందరేం కాదు.

ఉపయోగం ఉందా అన్నది చాలా మంచి ప్రశ్న. పరిశోధకులు కూడా దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. 2014లో 201 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు, డబ్బు విషయంలో మనుషుల నడవడిలో కనిపించే తేడాల్లో ఈ చదువు వల్ల వచ్చినది 0.1 శాతమేనని తేల్చారు. నేర్చుకున్నది కొన్నాళ్లకి కరిగిపోతుందని కూడా అన్నారు. తర్వాత 2022లో, ఎవరికి పాఠం చెప్పాలో ఎవరికి చెప్పకూడదో లాటరీలా తేల్చి చేసిన 76 ప్రయోగాలను జోడించి చూస్తే, జ్ఞానమూ నడవడీ రెండూ మెరుగుపడ్డాయని వచ్చింది. నాకు వీటన్నిటికంటే బ్రెజిల్‌ సంగతి ముఖ్యం అనిపిస్తుంది. అక్కడ 892 హైస్కూళ్లలో, సుమారు 25,000 మంది పిల్లలతో చేసి చూశారు. పిల్లలకి తెలివిడి పెరిగింది, పొదుపూ పెరిగింది. దాంతోపాటే, వస్తువులు కొనడానికి ఖరీదైన అప్పు వాడటమూ పెరిగింది! అప్పు పాఠం అని నేను ఇంతగా పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

బిజినెస్ భాగంలోనూ నేను వెతికేది అప్పు పాఠాన్నే, కాకపోతే అప్పు ఇచ్చేవాళ్ల వైపు నుంచి. పిల్లల చేత ఏదైనా చిన్న వ్యాపారం చేయించి లాభం లెక్క వేయించడం మామూలే. అరువు అమ్మకాల లెక్క కూడా వేయిస్తున్నారా అని కనుక్కోండి. ఒకమ్మాయి 100 నోటు పుస్తకాలు కుట్టిందనుకుందాం. ఒక్కోదానికి ఖర్చు 30, అమ్మకం ధర 50. అన్నీ అమ్ముడుపోయాయి. లాభం 2,000. చిట్టాలో చూస్తే సంతోషమే. కానీ 40 పుస్తకాలు స్నేహితులు ‘తర్వాత ఇస్తాలే’ అని తీసుకున్నారు. చేతికొచ్చింది 3,000, అంటే తను పెట్టిన పెట్టుబడే. లాభమంతా బాకీల్లో ఉంది. వచ్చే నెల 150 కుట్టాలంటే 4,500 కావాలి, గల్లాపెట్టెలో లేవు. లాభం వేరు, రొక్కం వేరు అని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది. ఇంకో సంగతి. తన శ్రమకి ఆ అమ్మాయి ఎంత కట్టుకుందో కూడా అడగాలి. ‘ఏమీ కట్టలేదు టీచర్’ అంటే లాభం లెక్క మళ్లీ మొదటికి రావలసిందే.

పాఠం చెప్పేది ఎవరో కూడా చూడండి. క్రెడిట్ కార్డులు, బీమా పాలసీలు అమ్ముకునే సంస్థ ఉచితంగా ఇచ్చిన పుస్తకాలైతే, అప్పు అధ్యాయం ఎంత ఉందో మరోసారి తిరగెయ్యండి.

ప్రశ్న: నేను పదకొండో తరగతి చదువుతున్నాను. మా ఫైనాన్స్ కోర్సులో ఉత్తుత్తి డబ్బుతో షేర్లు కొని అమ్మే పోటీ పెట్టారు. ఆరు వారాల పోటీ. మా టీమ్ ఫస్ట్ ఉంది. అంతా ఒకే షేర్‌లో పెట్టాం. నేను దాచుకున్న డబ్బు నిజంగానే పెట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. పెట్టొచ్చా టీచర్?
– ఒక విద్యార్థి

జవాబు: ఇప్పుడొద్దు నాన్నా. మీ టీమ్‌కి అభినందనలే. కానీ ఆరు వారాల పోటీలో ఎక్కువగా నెగ్గేది అందరికంటే పెద్ద రిస్కు తీసుకున్న టీమే. ఉత్తుత్తి డబ్బు పోతే పోయేదేం లేదు కదా, అందుకే అందరూ ధైర్యంగా ఒకేచోట కుమ్మరిస్తారు. అలాగే ఒకే షేర్‌లో పెట్టి అట్టడుగుకి పోయిన టీములు కూడా మీ క్లాసులోనే ఉంటాయి, చూడు. వాళ్లు మీకంటే తెలివి తక్కువవాళ్లు కాదు. నీ డబ్బు సగానికి పడిపోయిందనుకో, అది 50 శాతం నష్టం. మళ్లీ మొదటికి రావాలంటే మాత్రం 50 శాతం లాభం చాలదు, నూటికి నూరు శాతం కావాలి. కాగితం తీసుకుని వేసి చూడు.

మీ టీచర్ని ఒకటి అడుగు. ఏ షేర్ ఎందుకు కొన్నారో కొనకముందే నాలుగు వాక్యాల్లో రాసిచ్చి, దానికి కూడా మార్కులు వెయ్యమను. అప్పుడు లాభం ఎందుకొచ్చిందో మీకే తెలుస్తుంది. దాచుకున్న డబ్బు ఎందుకోసం దాచావో నువ్వు రాయలేదు. ఏడాదీ రెండేళ్లలో ఫీజుకో, కంప్యూటర్‌కో కావలసిందైతే అది షేర్లలో పెట్టే డబ్బు కాదు. ఏ అవసరానికో, ఎప్పటికి కావాలో రాసి పంపు. వచ్చే నెల మాట్లాడదాం.