మెచ్చుకోలు బోనస్‌తో సరిపోతుందా?

ప్రశ్న: మాది తెనాలిలో బట్టల షాపు. పాతికమంది పనిచేస్తున్నారు. ఏటా దసరాకి బోనస్, స్వీట్ బాక్స్ ఇస్తాను. ఎక్కువ అమ్మినవాళ్లకి షీల్డు కూడా ఇస్తున్నాను. అయినా శ్రావణమాసం అవగానే పాతవాళ్లు ఇద్దరమ్మాయిలు వేరే షాపుకి వెళ్లిపోయారు. జీతంలో పెద్ద తేడా కూడా లేదు. ఇంకేం చేయాలమ్మా?
– ఒక షాపు యజమాని

జవాబు: గుంటూరులో చీరల కౌంటర్‌లో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి అటువైపు నుంచి చెబుతాను బాబూ.

20 మంది, ఆపైన పనిచేసే చోట అర్హులైనవాళ్లకి కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అది వాళ్ల హక్కు. దాన్ని మెచ్చుకోలు ఖాతాలో రాసుకోకండి.

ఇక షీల్డు సంగతి. పెళ్లివారొచ్చి యాభై చీరలు విప్పించి, ‘మళ్లీ వస్తాం’ అని లేచి వెళ్లిపోతారు. ఆ గుట్టంతా పాత మడతల మీదే, అంచు పైకి కనబడేలా మడిచి అరల్లో సర్దేసరికి నడుం పడిపోతుంది. ఆ అమ్మాయి పేరు మీద బిల్లు మాత్రం సున్నా. వాళ్లే మర్నాడొచ్చి పక్క కౌంటర్లో కొంటే షీల్డు పక్కమ్మాయికి పోతుంది. గల్లా దగ్గర కూర్చుంటే మీకిది కనబడదు. సాయంత్రం కౌంటర్ దాకా వెళ్లి, ‘పొద్దున ఆ పెళ్లివాళ్లకి విసుక్కోకుండా అన్నీ చూపించావమ్మా, చూశాను’ అనండి. ఏ పని నచ్చిందో చెప్పాలి. ఊరికే ‘గుడ్’ అంటే ఎవరికీ తగలదు.

స్టూళ్లు కూడా వేయించండి. పండగ రష్‌లో రాత్రిదాకా నిలబడితే కాళ్లు వాచిపోతాయి. కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో చట్టం మార్చారు. తమిళనాడు 2021లో అదే పని చేసింది. మీరు అడిగించుకోకుండానే వేయించండి. బేరాలు లేనప్పుడు కూర్చున్న మనిషిని చూసి మొహం చిట్లించకండి.

ఊడ్చే ఆమె, గోడౌన్ కుర్రాడు, వాచ్‌మన్ కూడా మీ మనుషులే. సింగరేణిలో 2024 దసరాకి మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకీ తలా 5,000 రూపాయలు ఇచ్చారు. పర్మినెంటు వాళ్లకొచ్చిన దాని ముందు అది చిన్న మొత్తమే. అయినా వాళ్లనీ లెక్కలోకి తీసుకున్నారు, అది నాకు నచ్చింది.

వెళ్లిపోయిన ఇద్దరూ ఆ ఏడాదిలో 30 పనిదినాలు చేసి ఉంటే వాళ్లకీ బోనస్ వస్తుంది. మీరే ఫోన్ చేసి, పిలిచి ఇవ్వండి.