గరుడుడి కథ డబ్బింగ్ సినిమాలా ఎందుకు అనిపిస్తోంది

మీరు రాసిన గరుడుడి కథ చదువుతుంటే డబ్బింగ్ సినిమాలా ఉంటోందని అడిగారు కదా. కారణం కథ కాదండీ, గ్రాంథికం (పాత పుస్తకాల భాష), వాడుక భాష ఒకే పేరాలో కలిసిపోవడం. మీరు పెట్టిన ముక్కే చూడండి: "గరుడుడు ఆకాశమునకు ఎగిరెను. రెక్కల గాలికి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి." రెండో వాక్యం ఎంత బాగుందో! మొదటిదాన్ని దాని దారిలోకి తెస్తే చాలు.

1. ఫైల్లో "చెను", "రెను", "యెను" అని ఒక్కొక్కటే వెతికి క్రియలు మార్చండి. "ఎగిరెను" అన్నది "ఎగిరాడు" అవ్వాలి.

2. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు తేడా అక్కడే వస్తుంది. క్రియ మారినా నామవాచకం పాతదే ఉండిపోయి "ఆకాశమునకు ఎగిరాడు" అని తయారవుతుంది, అది ముందుకన్నా ఇబ్బందిగా ఉంటుంది. అందుకే "మును", "మునకు", "యొక్క" కూడా వెతకండి. "తల్లి యొక్క దాస్యమును" అన్నది "తల్లి దాస్యాన్ని" అయితే గరుడుడి తల్లి వినత బాధ మనింట్లో మనిషి బాధలా తగులుతుంది.

3. గాంభీర్యం పోతుందని భయపడకండి. అమృతం కోసం వచ్చిన పాములు ఉత్త దర్భలు నాకి నాలుకలు చీల్చుకున్న ఘట్టం ఏ భాషలో చెప్పినా ఒళ్లు జలదరిస్తుంది.

4. సంభాషణల్లో గ్రాంథికం కావాలనిపిస్తే ఇంద్రుడొక్కడికే ఉంచండి. తల్లీకొడుకులు మాత్రం మామూలుగానే మాట్లాడుకోవాలి.

మార్చాక ఒక పేజీ పైకి చదవండి, నాలుక తడబడిన చోటల్లా ఇంకో "మును" మిగిలి ఉంటుంది.